వన్స్‌మోర్ వినిపించని సాయంత్రం

నాకు మనిషి పేరు కంటే ముందు అతని శ్రుతి గుర్తుకొస్తుంది. హార్మోనియం మెట్లకు మావాళ్ళు అంకెలు పెట్టుకున్నారు. తెల్ల మెట్లు ఒకటి, రెండు, మూడు అని. వాటి నడుమ నల్ల మెట్లు ఒకటిన్నర, రెండున్నర అని. ఎవరి గొంతు ఏ మెట్టును ఆధారం చేసుకుని పాడుతుందో అదే వాళ్ళ శ్రుతి. మా నాటక బృందంలో మంత్రి వేషం వేసే ఆయన రెండున్నర. రాణి వేషం వేసే ఆవిడ ఐదున్నర. మా ఆవిడ వంట చేస్తూ కూనిరాగం తీస్తే ఆరు. ఆ మాట ఆమెతో అంటే, "నన్నొక్కదాన్నైనా తూకం వెయ్యకుండా వదిలేశారనుకున్నాను" అంది.

రాజు వేషం వేసే అన్నయ్యది నాలుగున్నర. తోడబుట్టినవాడు కాదు. ఒంగోలు వైపు మనిషి, బ్యాంకులో పనిచేసి రిటైరై సింగపూరులోని పాసిర్ రిస్‌లో ఉంటున్నాడు. మగగొంతుకి నాలుగున్నర అంటే ఎత్తయిన మెట్టు. అరవై దాటాక చాలామంది నాలుగుకో మూడుకో దిగిపోతారు. ఆయన దిగలేదు. "నన్ను నాలుగుకి దించే మొనగాడు ఇంకా పుట్టలేదు తమ్ముడూ" అంటుండేవాడు, గొంతులో మిరియాల కషాయం పోసుకుంటూ. ఆ గొంతు పక్కన ఏళ్ళ తరబడి నా హార్మోనియం ఉంది. ఇప్పుడు నాది లేదు. ఎలా లేకుండా పోయిందో చెప్పాలంటే నేను ఎలా మొదలుపెట్టానో ముందు చెప్పాలి.

నేను ఏ విద్యనూ గురువు దగ్గర కూర్చుని నేర్చుకున్నవాణ్ణి కాదు. పదో తరగతితో చదువు ఆగింది. వర్క్ పర్మిట్ మీద సింగపూరు వచ్చి ఓడల మరమ్మతు యార్డులో గ్రైండర్ పట్టాను. ఇనుప రేకు బరువు ఎలా కడతారో పక్కన నిలబడి విని పట్టుకున్నాను. మందం ఒక మిల్లీమీటరైతే చదరపు మీటరుకు ఏడు పాయింట్ ఎనభై ఐదు కిలోలు. ఆ ఒక్క అంకె చేతికి దొరికాక, కనిపించిన ప్రతి రేకునూ మనసులో తూచడం మొదలుపెట్టాను. మెట్లు, రెయిలింగులు, బస్‌స్టాపు కప్పు, దేన్నీ వదల్లేదు. కొన్నేళ్ళకు గ్రైండర్ దించి, పనుల ఖర్చు లెక్కలు కట్టే ఎస్టిమేషన్ గదిలో కుర్చీ ఇచ్చారు. ఇప్పటికీ అదే కుర్చీ.

హార్మోనియం కూడా అలాగే వచ్చింది. అప్పుడు యార్డు పనివాళ్ళమంతా క్రాంజీ దగ్గర డార్మిటరీలో ఉండేవాళ్ళం. ఆదివారాలు భజన జరిగేది. వాయించే అతను పర్మిట్ అయిపోయి ఊరెళ్ళిపోతూ పెట్టెను మాకే వదిలేశాడు. ఎవరూ ముట్టుకోకపోతే నేను ముట్టుకున్నాను. సా నుంచి ఎన్ని మెట్లు వదిలితే రి, అక్కడినుంచి ఎన్ని వదిలితే గ, ఇలా ఒక్కో రాగానికీ దూరాలు కొలుచుకున్నాను. దూరాలు పట్టుబడితే ఏ శ్రుతిలోనైనా అదే లెక్క. సంగీతం తెలిసినవాళ్ళు నవ్వుతారని తెలుసు. నాకు మాత్రం రాగం ఆ దారినే ఇంటికొచ్చింది.

పద్యాల పిచ్చి చిన్నప్పటిది. మా ఊళ్ళో పోటీ నాటకాలు జరిగితే నేను వేషగాళ్ళను చూసేవాణ్ణి కాదు, స్టేజి పక్కన హార్మోనియం వాయించే ఆయన్ని చూసేవాణ్ణి. పద్యానికి తాళం ఉండదు. పాడేవాడు ఎక్కడ ఆగుతాడో, ఎక్కడ సాగదీస్తాడో ముందుగా ఎవరికీ తెలియదు. అయినా ఆ పెట్టె అతని వెనకే వెళ్ళేది, ఊపిరి తీసుకున్నచోట అది మాట్లాడేది, గొంతు లేవగానే తగ్గిపోయేది. ఇదెలా అని నాకు అప్పట్లో పెద్ద ఆశ్చర్యం.

అన్నయ్య బృందంలో చేరాక దీనికీ ఒక లెక్క ఉంటుందని వెతికాను. ఉత్పలమాల పాదానికి ఇరవై అక్షరాలు, యతి పదో అక్షరం దగ్గర. చంపకమాలకి ఇరవై ఒకటి, పదకొండు. శార్దూలానికి పంతొమ్మిది, పదమూడు. యతి దగ్గర ఊపిరి తీసుకుంటారు కాబట్టి అక్కడ నేను దూరాలి అని నిర్ణయించుకున్నాను. మొదటి రిహార్సల్‌లో, కోట పోగొట్టుకున్న రాజు పద్యంలో, పదో అక్షరం దగ్గర ఠక్కున దూరాను. అన్నయ్య పాట ఆపి నా వైపు చూశాడు.

"నేను అక్షరాలు లెక్కపెట్టుకుంటూ పాడుతున్నానా తమ్ముడూ? కోట పోయిందని ఏడుస్తున్నాను. ఏడుపు ఎక్కడ తెగితే అక్కడ ఊపిరి."

ఆ తర్వాత లెక్క మానలేదు గానీ, లెక్కతో పాటు ఆయన భుజాలు చూడటం నేర్చుకున్నాను. ఊపిరి తీసుకోబోయే ముందు ఆయన ఎడమ భుజం కొంచెం లేచేది. ఇది ఏ పుస్తకంలోనూ ఉండదు. ఆ భుజం లేచినప్పుడల్లా నా వేళ్ళు సిద్ధంగా ఉండేవి. కొన్నేళ్ళకు చూడకుండానే తెలిసేది.

మాది ఒకే నాటకం. ఊళ్ళో ఉన్న ఒక తెలుగు మాస్టారు మా కోసమే రాసిపెట్టాడు. ఏడాదికోసారి ఒక కమ్యూనిటీ క్లబ్బు హాల్లో వేస్తాం. వచ్చినవాళ్ళే మళ్ళీ వస్తారు, కథ అందరికీ తెలుసు. వాళ్ళు వచ్చేది పద్యాల కోసం, పద్యాల్లోనూ ఒక్క పద్యం కోసం. యుద్ధంలో ఓడిన రాజు కొండ మీద నిలబడి, దూరంగా శత్రువుల చేతికి పోయిన తన కోటను చూస్తూ మోహన రాగంలో పాడే పద్యం అది. చివరి పాదం అయ్యాక అన్నయ్య రాగం తీస్తాడు. పైకి వెళ్ళి, తిరిగి, కిందికొచ్చి, మళ్ళీ పైకి. ఒక్కో తిరుగుడుకూ హార్మోనియం జవాబు చెప్పాలి. అది అవ్వగానే హాలు వెనకనుంచి "వన్స్‌మోర్" అని ఒక కేక లేస్తుంది. తర్వాత నాలుగు మూలల నుంచీ. నాటకం ఆగిపోతుంది. ఓడిన రాజు ప్రేక్షకులకు నమస్కారం పెట్టి, నా వైపు తిరిగి, శ్రుతి అందుకుని, మళ్ళీ కొండెక్కి ఓడిపోతాడు.

పద్యనాటకంలో ఇదే గొప్ప బహుమతి. దండలు, శాలువాలు దీని తర్వాతే. వన్స్‌మోర్ పడని పద్యాన్ని నటుడు ఇంటికి తీసుకెళ్ళి నెలల తరబడి నములుతాడు.

మా రిహార్సళ్ళు పాసిర్ రిస్‌లో అన్నయ్య ఫ్లాటులోనే. పక్కింట్లో ఒక చైనీస్ అంకుల్ ఉంటాడు, టాక్సీ నడిపి మానేసిన మనిషి. మొదట్లో ఒకసారి ఆయన తలుపు కొడితే గొడవ పెట్టుకోవడానికే వచ్చాడనుకుని మేమంతా గుమ్మం దగ్గర చెప్పులు సర్దుతూ నిలబడ్డాం. ఆయన అడిగింది, ఎవరు చనిపోయారని. ఎవరూ చనిపోలేదు, కోట పోయింది అని చెప్పాం. తన చిన్నప్పుడు వీధుల్లో చూసిన చైనీస్ నాటకాల్లోనూ ఇలాగే గొంతు సాగదీసేవాళ్ళని చెప్పి, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. అప్పటినుంచి ప్రతి ఏడూ నాటకానికి వస్తాడు. ఒక్క ముక్క అర్థం కాకపోయినా వన్స్‌మోర్ ఎక్కడ అరవాలో ఆయనకు బాగా తెలుసు.

చెయ్యి సంగతి ఎప్పుడు మొదలైందో కచ్చితంగా చెప్పలేను. లెక్కల మనిషినై ఉండీ ఈ ఒక్కదానికే నా దగ్గర ప్రారంభం లేదు. కుడిచేతి చిటికెన వేలు తిమ్మిరెక్కేది. నిద్రలో చెయ్యి నలిగిందనుకునేవాణ్ణి. తర్వాత ఉంగరపు వేలు. మోహనం నాలుగున్నరలో వాయిస్తే సరిగ్గా ఐదు నల్ల మెట్ల మీదే నడక. నల్ల మెట్లు సన్నగా ఉంటాయి. వాటి అంచు వేలికి తెలియాలి. నా చిటికెన వేలికి ఆ అంచు తెలియడం మానేసింది. మెట్టు మీద ఉన్నాననుకుంటే పక్క గుంటలో ఉండేది.

డాక్టరు మోచేతి లోపలి ఎముక పక్కన తట్టి చూపించింది. అక్కడ నరం నొక్కుకుపోతోందట. యార్డులో గ్రైండర్ అదురు, ఏళ్ళ తరబడి మోచెయ్యి మడిచి హార్మోనియం ముందు కూర్చోవడం, రెండూ కలిశాయంది. ఆపరేషన్ చేస్తే ఇంకా పాడవకుండా ఆగవచ్చు, పోయిన బలం మాత్రం తిరిగి వస్తుందని చెప్పలేను అంది. చేయించుకున్నాను. ఆమె చెప్పినట్టే జరిగింది. ఆగింది, తిరిగి రాలేదు.

అప్పుడు నేను చేసిన పని ఈ రోజుకీ నాకు గర్వమే. ఐదు వేళ్ళ లెక్క చెరిపేసి మూడు వేళ్ళ లెక్క కట్టాను. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు. ఏ స్వరం ఏ వేలికి, ఎక్కడ బొటనవేలిని కిందినుంచి దూర్చాలి, ఎక్కడ మధ్యవేలిని జార్చాలి, రాగం రాగానికీ కొత్తగా వేసుకున్నాను. ఉదయాలు రైల్లో యార్డుకు వెళ్తూ ఒళ్ళో బ్యాగు మీద సాధన చేసేవాణ్ణి. ఎదురుగా కూర్చున్నవాళ్ళు నాకేదో జబ్బు అనుకుని ఉంటారు. జబ్బే, కానీ అది కాదు. పై ఏడాది నాటకంలో మూడు వేళ్ళతో మోహనం వాయిస్తే హాల్లో ఒక్కరికీ తెలియలేదు. ఆ పద్యానికి రెండుసార్లు వన్స్‌మోర్ పడింది. మూడోసారి పాడి వచ్చాక అన్నయ్య తెర వెనక నా కుడిచేతిని తన రెండు చేతుల మధ్య పెట్టుకున్నాడు. బొటనవేలి మొదలు వాచి వేడిగా ఉంది. ఆ వేడి ఆయనకు తగిలే ఉంటుంది.

ఐదుగురు చేసే పని ముగ్గురి మీద పడితే ఆ ముగ్గురూ ఎంతకాలం నిలబడతారు? యార్డులో ఏ ఫోర్‌మన్‌నడిగినా చెబుతాడు. నేను మాత్రం ఆ లెక్క వెయ్యలేదు. వెయ్యదలచుకోలేదు.

మా అమ్మాయి చదువుకునేది ఇక్కడే, ఇక్కడివాళ్ళలాగే మాట చివర 'లా' తగిలిస్తుంది. "నాన్నా, కీబోర్డు కొనుక్కో, ట్రాన్స్‌పోజ్ నొక్కితే శ్రుతి అదే మారిపోతుంది, అన్నీ తెల్ల మెట్లే, సింపుల్ లా" అంది. అది కూడా చేశాను. తెల్ల మెట్ల మీద మోహనం తేలికే, కానీ బొటనవేలు వాచేది మెట్టు రంగును బట్టి కాదు కదా. కాళ్ళతో తొక్కే హార్మోనియం తెప్పించుకుని ఎడమచేత్తో వాయించమని ఇంకొకరు అన్నారు. కొంతకాలం ప్రయత్నించాను. నా ఎడమ చెయ్యి మళ్ళీ ఒకటో తరగతిలో చేరింది. దానికి పలక, బలపం కొనిచ్చి పద్యనాటకం దాకా చదివించేసరికి అన్నయ్యకు ఎన్నేళ్ళొస్తాయో ఊహించుకుని ఆపేశాను.

ఆ మరుసటి ఏడాది నాటకానికి మూడు వేళ్ళతోనే కూర్చున్నాను. కొండ మీది పద్యం వచ్చింది. అన్నయ్య పాడాడు, రాగం తీశాడు. నేను జవాబు చెప్పాను. బాగానే వచ్చింది. ఎందుకో కొంచెం తొందరగా అయిపోయినట్టనిపించింది. చేతిని మెట్ల మీదినుంచి తియ్యకుండా కేక కోసం ఎదురుచూశాను.

చప్పట్లు వచ్చాయి. గట్టిగానే వచ్చాయి. కేక రాలేదు. అన్నయ్య నా వైపు తిరగకుండా తర్వాతి మాట అందుకుని కొండ దిగిపోయాడు.

రాణి పద్యానికీ రాలేదు. మంత్రి వెటకారపు పద్యానికి ప్రతి ఏడూ కనీసం ఒక్కటైనా పడుతుంది. దానికీ రాలేదు. తెర పడ్డాక అందరూ ఎప్పటిలా నవ్వుతూ ఫొటోలు దిగుతున్నారు. నాకు మాత్రం నాటకం మునిగిపోయిందనిపించింది. జనానికి పద్యం మీద మోజు పోయిందా, నా చెయ్యే పద్యాన్ని చంపిందా? ఇంటికి వెళ్ళే దారిలో మా ఆవిడతో అదే అన్నాను. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ, "అన్నీ మీ చేతికే చుట్టుకోకండి" అంది. ఆ గొంతులో ఏదో దాచిన చప్పుడుంది. అప్పుడు పట్టించుకోలేదు.

రెండు రోజులు మనసు పాడుచేసుకున్నాక నా అసలు బుద్ధి పనిచేసింది. మోజు తగ్గితే మూడు కేకలు రెండవుతాయి, రెండు ఒకటవుతుంది. కొన్ని పద్యాలకు పడతాయి, కొన్నిటికి పడవు. హాలంతా, అన్ని పద్యాలకూ ఒకేసారి సున్నా పడదు. అంకెలు వాటంతట అవి అలా కూర్చోవు. ఎస్టిమేషన్‌లో ఒక వరస మొత్తం సున్నాలు కనిపిస్తే పని లేదని అర్థం కాదు, ఎవరో చెరిపేశారని అర్థం.

ఆ ఆదివారం పాసిర్ రిస్ వెళ్ళాను. లిఫ్టు దగ్గర పక్కింటి అంకుల్ కూరగాయల సంచీతో నిలబడి ఉన్నాడు. నన్ను చూడగానే ఆయనే మాట ఎత్తుకున్నాడు. ఆయన ఇంగ్లీషులో అన్నదాన్ని తెలుగులో పెడితే ఇంతే:

"పోయినేడు నేనూ అరిచాను కదా. ఈసారి ఎందుకు అరవకూడదన్నారు? మీ ఫ్రెండు ఇంటికొచ్చి మరీ చెప్పాడు. టికెట్టు చూసే చోట కూడా ఒకామె అందరికీ చెవిలో చెప్పింది. నేను నోరు గట్టిగా మూసుకున్నాను. చాలా కష్టం లా."

టికెట్లు చూసే చోట ఉన్నది మా ఆవిడ.

పైకి వెళ్ళేసరికి అన్నయ్య బనీనుతో కూర్చుని పల్లీలు ఒలుస్తున్నాడు. నేను కూర్చోలేదు. ఎందుకు చేశావన్నయ్యా అని అడిగాను. ఆయన ముందు తెలియనట్టు మొహం పెట్టాడు. ముప్పై ఏళ్ళుగా రాజు వేషం వేస్తున్నవాడికి ఆ మొహం కుదరలేదు. తర్వాత పల్లీల పళ్ళెం పక్కన పెట్టి ఒప్పుకున్నాడు. కేకలే కాదు, ఇంకా ఉంది. రాగాన్ని కూడా తగ్గించాడట. మామూలుగా తీసే తిరుగుళ్ళలో సగం వదిలేసి, పై స్థాయికి వెళ్ళకుండా దిగిపోయాడట. రాణిని, మంత్రిని కూడా అలాగే చెయ్యమన్నాడట. రిహార్సళ్ళప్పుడు కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ వచ్చారు, నాకు తెలియకుండా.

నాకు తెలియకుండా. పద్యంలో అక్షరాలు లెక్కపెట్టేవాణ్ణి, తిరుగుళ్ళు లెక్కపెట్టలేదు. వేళ్ళను చూసుకుంటూ కూర్చుని ఆయన భుజం చూడటం మానేశాను.

"నీ చెయ్యి పట్టుకున్నాను కదరా పోయినేడు" అన్నాడు ఆయన. "కుంపటిలా కాలిపోతోంది. ఇంకోసారి పాడి నిన్ను ఆ కుంపట్లో పెట్టమంటావా?"

"నీకు డెబ్భై వస్తున్నాయి" అన్నాను. "నాలుగున్నర ఇంకా ఎన్నేళ్ళు ఉంటుంది నీ దగ్గర?"

"ఉన్నన్నేళ్ళు ఉంటుంది."

"ఉన్న నాలుగైదేళ్ళూ సగం రాగమే పాడతావా? నా కోసం?"

ఆయన పల్లీల పళ్ళెం మళ్ళీ దగ్గరకు లాక్కుని, "నువ్వు లేకపోతే నేను గాలిలో పాడినట్టుంటుంది తమ్ముడూ" అన్నాడు. నా ఎదురుగా ఆయన వేషం లేకుండా అన్న మాటల్లో నాకు బాగా గుర్తున్నది ఇదే.

లోపల నాకు కోపంగా ఉంది. కోపం కింద ఇంకేదో ఉంది. వంద పైచిలుకు మంది జనం, ఏడాదంతా ఆ ఒక్క కేక వెయ్యడానికి ఎదురుచూసేవాళ్ళు, ఒక మనిషి చెయ్యి వాస్తుందని నోరు మూసుకుని కూర్చున్నారు. ఇది తెలిశాక ఛాతీ కొంచెం విరుచుకోకుండా ఎవరుంటారు? శాలువాలు కప్పించుకున్నవాళ్ళు చాలామంది ఉంటారు. ఒక హాలు హాలంతా తన సరదాను మింగేసుకున్నది ఎంతమంది కోసం? అయితే ఆ గౌరవం ఒక్కసారి పుచ్చుకోవచ్చు. రెండోసారి పుచ్చుకుంటే అది ఆయన గొంతులోంచి నేను తీసుకున్నదవుతుంది. ఆయన గొంతుకు కొన్నేళ్ళే ఉన్నాయి, నా చేతికి అవీ లేవు. ఈ రెండింటినీ ఒక పద్దులో కలపకూడదు.

"నేను దిగిపోతున్నానన్నయ్యా" అన్నాను. "నువ్వు మాత్రం దిగకు."

ఇంటికి వెళ్ళి మా ఆవిణ్ణి అడిగితే తడబడలేదు. చెవిలో చెప్పింది నిజమేనంది, ఒకరిద్దరు ఒప్పుకోకపోతే గట్టిగా కూడా చెప్పానంది. "మీరు ఆపరు. ఆపనివాళ్ళని చుట్టూ ఉన్నవాళ్ళే ఆపాలి" అంది. నేను ఆపేశానని చెప్పాను. ఆమె చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. ఆ తర్వాత చాలాసేపు వంటింట్లోంచి ఆరు శ్రుతి వినిపించలేదు.

ఆపేస్తానని చెప్పడం ఒక్క మాట. నా చోట ఎవరో కూర్చునేలా చెయ్యడానికి దాదాపు ఏడాది పట్టింది. బిషాన్‌లో ఉండే ఒకావిడ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ శనివారం భజనల్లో కీబోర్డు వాయించేది. వేళ్ళు ఎంత ధారాళంగా నడుస్తాయంటే, ఆమె చిటికెన వేలును చూస్తూ కూర్చోవాలనిపించేది. నన్ను మాస్టారూ అని పిలిస్తే మొదట వెనక్కి తిరిగి చూశాను. నన్ను ఎవరూ అలా పిలవలేదు అంతవరకు.

ఆమెతో చిక్కల్లా ఆమెకు బాగా రావడమే. అన్నయ్య ఊపిరి తీసుకునే సందు దొరికితే చాలు, అందులో పదిహేను స్వరాలు పోసేది. అన్నయ్య ఒకరోజు పాట ఆపి, "అమ్మాయీ, నా కోట పోయింది, నీకు పెళ్ళి కుదిరినట్టుంది" అన్నాడు. ఆమె నవ్వేసి, తర్వాత నన్ను అడిగింది, ఎక్కడ వాయించాలో ఎలా తెలుస్తుంది మాస్టారూ, ఏదైనా లెక్కుందా అని.

ఉంది, ఉత్పలమాలకి ఇరవై, యతి పది అని నోటిదాకా వచ్చింది. ఆగి, ఆయన ఎడమ భుజం చూడమన్నాను. అదెందుకని ఆమె అడగలేదు. చూసింది. రెండు మూడు వారాలకు ఆమె వాయించే స్వరాలు సగానికి తగ్గాయి, పద్యం నిలబడటం మొదలైంది. నేను పక్కన కుర్చీలో చేతులు కట్టుకుని కూర్చునేవాణ్ణి. నాకు లెక్కతో కొన్నేళ్ళు పట్టిన విషయం ఆమెకు భుజంతో కొన్ని వారాలు పట్టిందని ఈర్ష్య పడ్డానా అంటే, ఒక పూట పడ్డాను. మిగతా పూటలన్నీ, అది నేను కనిపెట్టిన భుజం అనే గర్వంతోనే ఇంటికెళ్ళాను.

అన్నయ్య రాగం మళ్ళీ పెరగడానికి ఎక్కువ కాలం పట్టింది. తగ్గించి పాడటం గొంతుకు అలవాటైపోయింది. పై స్థాయికి వెళ్ళబోయి ఆగిపోయేవాడు. ఒకరోజు మంత్రి వేషం ఆయన, వయసు కదా, నాలుగుకి దిగితే హాయిగా ఉంటుందేమో అని మెల్లగా అన్నాడు. అన్నయ్య ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడమే నన్ను భయపెట్టింది. నా చేతిని కాపాడబోయి ఆయన ఆ మెట్టే పోగొట్టుకున్నాడేమోనని ఆ నెలంతా కుదురు లేదు. వారానికోసారి వెళ్ళేవాణ్ణి, ఎక్కువసార్లు వెళ్ళడం మొదలుపెట్టాను. వాయించడానికి కాదు. ఆయన పాడుతుంటే తిరుగుళ్ళు లెక్కపెట్టి, "ఇంకొకటి ఉండేది అన్నయ్యా" అని చెప్పడానికి. ఆయన తిట్టుకుంటూ ఇంకొకటి పాడేవాడు. పాడి దగ్గేవాడు. పక్కింటి అంకుల్ తలుపు తీసి బొటనవేలు పైకెత్తి చూపించేవాడు.

నాటకానికి వారం ముందు హార్మోనియాన్ని ఆమెకు ఇచ్చేశాను. డార్మిటరీలో దొరికిన పెట్టె కాదు, తర్వాత నేను తెప్పించుకున్నది. గుడ్డ చుట్టి, చక్రాల బండి మీద పెట్టి లిఫ్టులో దించాం. ఆమె కారు వెనక సీట్లో పెట్టి సీటుబెల్టు బిగించింది. గాలి తిత్తి మూలన చిన్న అతుకుంది, వానాకాలం ఊడుతుంది, చూసుకోమని చెప్పాను.

ఆ సాయంత్రం మొదటిసారి నేను ప్రేక్షకుల్లో కూర్చున్నాను. పక్కన మా ఆవిడ. వెనక వరసలో అంకుల్, ఇస్త్రీ చొక్కాతో. స్టేజి పక్కన నా చోట బిషాన్ ఆవిడ, బొట్టు కొంచెం పెద్దది పెట్టుకుని.

కొండ మీది పద్యం వచ్చింది. ఆమె శ్రుతి ఇచ్చింది. అన్నయ్య కోటను చూశాడు. మొదటి పాదం, రెండో పాదం. నా కుడిచెయ్యి నాకు తెలియకుండానే మోకాలి మీద మూడు వేళ్ళతో నడుస్తోంది. మా ఆవిడ దాని మీద తన చెయ్యి పెట్టలేదు, నడవనిచ్చింది. చివరి పాదం అయింది, రాగం మొదలైంది. ఒకటి, రెండు, మూడు. నాలుగో తిరుగుడుకి ఆమె జవాబు ఒక ఊపిరి ఆలస్యమైంది. అన్నయ్య స్వరాన్ని పట్టుకుని నిలబడ్డాడు. ఆమె అందుకుంది. ఐదు. ఆరు. పై స్థాయికి వెళ్ళే ముందు ఆయన ఎడమ భుజం లేచింది. ఏడు. వెళ్ళాడు. అక్కడ నిలబడ్డాడు. కిందికి దిగి ముగించాడు.

చప్పట్లు. అంతే. కేక లేదు.

అప్పుడు అర్థమైంది. పోయినేడు అరవొద్దని అందరికీ చెప్పారు. ఈ ఏడు అరవొచ్చని ఎవరూ చెప్పలేదు. వీళ్ళంతా నన్ను చూశారు, లోపలికొచ్చేటప్పుడు పలకరించారు, హార్మోనియం ఆయన ఎదురుగానే ఉన్నాడు కదా అని పాపం ఇంకా నోరు మూసుకునే ఉన్నారు. స్టేజి మీద అన్నయ్య ఒక్క క్షణం చీకటి హాలు వైపు చూశాడు. తర్వాతి మాట అందుకోవడానికి నోరు తెరిచాడు.

నేను లేచి నిలబడ్డాను. ఇన్నేళ్ళూ ఆ కేక నా వైపు వచ్చిందే తప్ప నా నోట రాలేదు. ఎలా అరవాలో కూడా తెలియదు.

"వన్స్‌మోర్!"

నా గొంతు అంత పెద్దదని నాకు అప్పటిదాకా తెలియదు. ఒక్క లిప్త హాలంతా నా వైపు తిరిగింది. వెనకనుంచి అంకుల్, "వన్స్‌మోర్, వన్స్‌మోర్ లా" అని అందుకున్నాడు. ఆ తర్వాత రెండేళ్ళ కేకలు ఒక్కసారే వచ్చాయి. మా ఆవిడ కూడా అరిచింది. చెవుల్లో చెప్పినదంతా వాపసు తీసుకుంటున్నట్టు అరిచింది.

అన్నయ్య ప్రేక్షకులకు నమస్కారం పెట్టాడు. అలవాటుగా స్టేజి పక్కకి, నా పాత చోటు వైపు తిరిగాడు. అక్కడ ఆమె ఉంది. ఆమెకు తల ఊపాడు. ఆమె తిత్తి లాగి శ్రుతి ఇచ్చింది.

కళ్ళు మూసుకుని విన్నాను. నాలుగున్నర. అర కూడా దిగలేదు.